రొమ్ములో గడ్డ, థైరాయిడ్ మాత్ర.. ఈ రెండింటి మధ్య సంబంధం ఉందా? బందరు, గుడివాడ, దివిసీమ మహిళలు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే

"గడ్డ ఉంది కానీ నొప్పి లేదు కదా.. నాట్లు అయ్యాక చూపించుకుందాంలే." కృష్ణా డెల్టా ఊళ్లలో ఈ మాట వినని ఇల్లు తక్కువ. నాట్లు అయ్యాక కోతలు వస్తాయి, కోతలు అయ్యాక మినుము తీతలు. ఆ తర్వాత పిల్ల పెళ్లి. ఈలోపు ఏడాది తిరిగిపోతుంది. చిక్కుడు గింజంత ఉన్న గడ్డ నిమ్మకాయంత అవుతుంది. అప్పుడు బస్సెక్కి విజయవాడ వెళ్తారు.

ఇంకో మాట కూడా తరచుగా వినిపిస్తుంది. "నాకు థైరాయిడ్ ఉంది, అందుకే ఈ గడ్డ వచ్చిందేమో." లేదంటే, "క్యాన్సర్ మందులు వాడుతున్నా కాబట్టి థైరాయిడ్ మాత్ర ఆపేశా." ఈ రెండూ తప్పే. మొదటి దాని వల్ల టెస్టు ఆలస్యం అవుతుంది. రెండో దాని వల్ల చికిత్స తట్టుకునే ఓపిక పోతుంది.

రొమ్ము క్యాన్సర్‌కి ఇప్పుడు ఎలాంటి చికిత్సలు ఉన్నాయి? థైరాయిడ్ ఉన్నవాళ్లు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? రెండూ ఒకేసారి ఉంటే ఏం చేయాలి? మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వైపు వాళ్లు ఎక్కడికి వెళ్లాలి? వివరంగా చూద్దాం.

ముందుగా ముఖ్యాంశాలు

• రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కానీ ఏది క్యాన్సరో చేత్తో తాకి తేల్చలేం. టెస్టు చేయించాల్సిందే.
• క్యాన్సర్ గడ్డకి మొదట్లో చాలామందిలో నొప్పి ఉండదు. నొప్పి లేదంటే ప్రమాదం లేదని కాదు.
• థైరాయిడ్ మాత్ర వేసుకోవడం వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారం లేదు.
• క్యాన్సర్ చికిత్సలో కొన్ని మందులు, రేడియేషన్ థైరాయిడ్‌పై ప్రభావం చూపిస్తాయి. అందుకే మధ్యమధ్యలో టీఎస్‌హెచ్ టెస్టు అవసరం.
• పేదింటి మహిళలకు ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ చికిత్స ఉంది.

దేశంలో పరిస్థితి ఎలా ఉంది?

మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్‌దే మొదటి స్థానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2022 అంచనాల ప్రకారం, ఆ ఒక్క ఏడాదే భారత్‌లో సుమారు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా ఈ వ్యాధి వచ్చింది. సుమారు 98 వేల మంది చనిపోయారు.

మన దగ్గర ఇంకో సమస్య ఉంది. పశ్చిమ దేశాలతో పోలిస్తే ఇక్కడి ఆడవాళ్లకు దాదాపు పదేళ్లు ముందుగానే వస్తోంది. నలభైల్లో, యాభైల మొదట్లో ఉన్నవాళ్లు చాలామంది దీని బారిన పడుతున్నారు. అంటే ఇంటి బాధ్యతలన్నీ నెత్తిన ఉన్న వయసులో.

దశను బట్టి ఫలితం ఎంత మారుతుందో చూడండి. దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీల సమాచారంతో 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు దాదాపు 66 శాతం. గడ్డ రొమ్ముకే పరిమితమైన దశలో గుర్తిస్తే అది 81 శాతం. ఒంట్లో వేరే భాగాలకు పాకాక గుర్తిస్తే 18 శాతమే. జబ్బు అదే, చికిత్స చేసే డాక్టర్లూ వాళ్లే. తేడా అంతా ఎప్పుడు వెళ్లామన్న దాంట్లోనే ఉంది.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు

నెలకోసారి, బహిష్టు అయిపోయిన వారం లోపు, స్నానం చేసేటప్పుడు సబ్బు చేతితో తడిమి చూసుకుంటే చాలు. బహిష్టు ఆగిపోయినవాళ్లు ఏదో ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి. వేళ్ల కొనలతో కాదు, మూడు వేళ్ల మెత్తని భాగంతో రొమ్ము మొత్తం, చంకలోపలి దాకా చూసుకోవాలి. మీ ఒళ్లు మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలిస్తే, మార్పు వచ్చినప్పుడు ఇట్టే తెలుస్తుంది.

గమనించాల్సినవి ఇవి:

• రొమ్ములో గానీ, చంకలో గానీ కొత్తగా వచ్చిన గట్టి గడ్డ
• చనుమొన లోపలికి లాక్కుపోవడం
• చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం, ఎర్రబడటం
• ఒక వైపు చనుమొన నుంచి మాత్రమే రక్తం, లేదా రక్తం కలిసిన నీరు రావడం
• చనుమొన మీద మానని పుండు, పొలుసులు
• ఒక రొమ్ము ఆకారంలో, సైజులో కొత్తగా మార్పు

ఇక్కడ ఒక చిన్న తేడా గుర్తుంచుకోండి. రెండు రొమ్ముల నుంచీ పాలలాంటి ద్రవం వస్తుంటే, అది థైరాయిడ్ బాగా తగ్గినప్పుడు కూడా జరుగుతుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం దీనికి కారణం. అప్పుడు డాక్టర్లు థైరాయిడ్, ప్రొలాక్టిన్ టెస్టులు రాస్తారు. బహిష్టుకు ముందు రెండు వైపులా సలుపు, బరువు ఉండి తర్వాత తగ్గిపోతే అది ఎక్కువగా హార్మోన్ల మార్పే. అయినా అనుమానం ఉంటే చూపించుకోవడమే మంచిది.

ఒక ముఖ్య విషయం. ఈ జబ్బు మగవాళ్లకూ వస్తుంది. మొత్తం కేసుల్లో దాదాపు ఒక శాతం వాళ్లవే. కాబట్టి మగవాళ్లకు గడ్డ కనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు.

చేత్తో చేసే పరీక్షకు విలువ ఉందా?

ఉంది. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి రెండు దశాబ్దాల పాటు నడిపిన అధ్యయనం దీన్నే చూపించింది. మురికివాడల్లో ఉండే దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్లు ఇందులో ఉన్నారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. పరీక్ష చేయించుకున్నవాళ్లలో క్యాన్సర్ తొందరగా బయటపడింది. 50 ఏళ్లు దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 2021లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి. వీళ్లెవరూ డాక్టర్లు కాదు, ఖరీదైన మిషన్లూ వాడలేదు.

మన ఊళ్లో విలేజ్ హెల్త్ క్లినిక్‌కి వచ్చే ఏఎన్ఎం, సీహెచ్ఓలు చేసే స్క్రీనింగ్ కూడా ఇదే పద్ధతి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్‌తో పాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్లకు పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమం. వాళ్లు ఇంటికొచ్చినప్పుడు "మాకేం లేదులేమ్మా" అని పంపించేయొద్దు. ఐదు నిమిషాల పని.

40 దాటినవాళ్లు మామోగ్రామ్ గురించి డాక్టర్‌ని అడగాలి. వయసు తక్కువైతే రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో సరిగా కనపడదు. అందుకే వాళ్లకు ఎక్కువగా అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తారు. అమ్మకో, అక్కకో, పిన్నికో చిన్న వయసులోనే ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. బీఆర్‌సీఏ జన్యువుల టెస్టు అవసరమో కాదో వాళ్లు చూస్తారు.

గడ్డ కనపడ్డాక జరిగే పెద్ద తప్పు ఇదే

గడ్డ కనపడగానే చాలామంది చేసే పని, దగ్గర్లో చిన్న ఆపరేషన్ చేయించి తీయించేసుకోవడం. తీసిన గడ్డని పారేస్తే అసలు విషయం అక్కడే చిక్కుకుపోతుంది. అది క్యాన్సరా కాదా, ఏ రకం అన్నది ఎవరికీ తెలియదు. ఆర్నెల్ల తర్వాత అదే చోట మళ్లీ గడ్డ వస్తే మొత్తం మొదటికొస్తుంది.

సరైన పద్ధతి మూడు మెట్లు. ఒకటి, డాక్టర్ చేత్తో పరీక్ష చేయడం. రెండు, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్. మూడు, సూదితో చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపడం. దీన్ని కోర్ బయాప్సీ అంటారు. మత్తు సూది చేసి తీస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు.

"సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది" అని భయపెట్టేవాళ్లు ఉంటారు. నమ్మొద్దు. బయాప్సీ చేయకుండా సరైన చికిత్స మొదలుపెట్టడమే కుదరదు. ఎవరైనా, ఎక్కడైనా గడ్డ తీస్తే మాత్రం ఒక్కటే అడగండి: "బయాప్సీకి పంపారా? రిపోర్టు ఎప్పుడిస్తారు?"

పసరు మందులు, కట్లు, వేడి కాపడాలతో నెలలు గడపడం ఇంకో తప్పు. క్యాన్సర్ గడ్డ పసరుతో కరగదు. ఈలోపు చర్మం పగిలి పుండు పడితే ఆపరేషన్ కూడా కష్టమవుతుంది.

రిపోర్టులో ఈ మూడు మాటలు వెతకండి

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చాక కంగారుపడకుండా ఈ మూడు చూడండి. ఈఆర్, పీఆర్, హర్-2. మొదటి రెండూ ఆడ హార్మోన్లకు సంబంధించినవి. పాజిటివ్ అంటే ఆ క్యాన్సర్ హార్మోన్ల మీద ఆధారపడి పెరుగుతోందని అర్థం. మాత్రలతో అడ్డుకోవచ్చు. హర్-2 పాజిటివ్ అంటే ఆ ప్రొటీన్‌ని గురిపెట్టి కొట్టే ఇంజెక్షన్లు ఉన్నాయి. మూడూ నెగెటివ్ అయితే ట్రిపుల్ నెగెటివ్ అంటారు. దానికి కీమోథెరపీ ముఖ్యం, కొంతమందికి ఇమ్యునోథెరపీ కూడా ఇస్తారు.

కాబట్టి పక్కింటావిడకి ఇచ్చిన చికిత్స మీకు ఇవ్వలేదని బాధపడొద్దు. పేరు ఒకటే అయినా రకాలు వేరు, మందులు వేరు.

చికిత్సలు ఎన్ని రకాలు?

1. ఆపరేషన్: "రొమ్ము మొత్తం తీసేస్తారా?" అన్నది అందరి మొదటి భయం. ప్రతిసారీ అక్కర్లేదు. గడ్డ చిన్నదిగా ఉంటే, గడ్డని, చుట్టూ కొంచెం భాగాన్ని తీసి మిగతా రొమ్ము ఉంచేస్తారు. తర్వాత రేడియేషన్ ఇస్తారు. అమెరికా, ఇటలీలలో 20 ఏళ్ల పాటు పేషెంట్లను గమనించిన రెండు పెద్ద అధ్యయనాలు 2002లో ఒకే మాట చెప్పాయి. తొలి దశలో రొమ్ము ఉంచి రేడియేషన్ ఇచ్చినా, మొత్తం తీసేసినా, బతికే కాలంలో తేడా లేదు. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి చిన్నది చేసి, ఆ తర్వాత ఆపరేషన్ చేయడం కూడా ఉంది.

చంకలో గ్రంథులన్నీ తీయడం కూడా ఇప్పుడు అందరికీ చేయరు. మొదటగా క్యాన్సర్ చేరే గ్రంథిని మాత్రమే తీసి చూసి, బాగుంటే మిగతావి వదిలేస్తారు. దీని లాభం చెయ్యి వాపు వచ్చే అవకాశం తగ్గడం. నాట్లు వేసే చేయి, రొయ్యల చెరువు పనికి వెళ్లే చేయి, కుట్టుమిషన్ తొక్కేవాళ్ల చేయి.. వాస్తే బతుకుదెరువే దెబ్బతింటుంది. గ్రంథులు తీయాల్సి వస్తే మాత్రం ఆపరేషన్ అయ్యాక చేతి వ్యాయామాలు మానొద్దు. బురద పనుల్లో గ్లౌజులు వేసుకోవాలి. చేతికి గాయం, ఎర్రదనం, జ్వరం వస్తే వెంటనే చూపించుకోవాలి.

2. కీమోథెరపీ: ఎక్కువగా రెండు, మూడు వారాలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. జుట్టు ఊడుతుంది, కానీ చికిత్స ముగిశాక చాలామందికి మళ్లీ వస్తుంది. వాంతులు తగ్గించే మంచి మందులు ఇప్పుడున్నాయి. అసలు జాగ్రత్త పడాల్సింది జ్వరం విషయంలో. కీమో తర్వాత ఒకటి రెండు వారాల్లో తెల్ల రక్తకణాలు పడిపోతాయి. ఆ సమయంలో 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని పడుకోవడం కాదు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి. అర్ధరాత్రి అయినా సరే. విజయవాడ దాకా వెళ్లలేకపోతే దగ్గర్లోని పెద్దాసుపత్రికి కీమో ఫైల్ పట్టుకుని వెళ్లండి. "నాకు కీమో ఇచ్చి ఇన్ని రోజులైంది" అని మొదటే చెప్పండి.

కీమో మందుల చరిత్రలో మన తెలుగువాడి పేరు ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనల నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కి వాడిన తొలి తరం కీమో కలయికల్లో ఆ మందు ఒకటి.

3. రేడియేషన్: ఒకప్పుడు ఐదారు వారాలు పట్టేది. ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో, 15 సార్లలో పూర్తి చేస్తున్నారు. కొందరికి ఐదు రోజుల పద్ధతి కూడా ఉంది. అది మీకు సరిపోతుందో లేదో డాక్టర్ చెప్పాలి. కోడూరు, నాగాయలంక నుంచి రోజూ వెళ్లి రావడం అసాధ్యం కాబట్టి, "ఎన్ని రోజులు? ఉండటానికి వసతి ఉందా?" అని ముందే అడగండి. రూమ్ అద్దె, తిండి ఖర్చుకి భయపడి మధ్యలో మానేసేవాళ్లు ఉన్నారు. మధ్యలో ఆపితే అప్పటిదాకా చేసిన చికిత్స ఫలితం కూడా దెబ్బతింటుంది.

4. హార్మోన్ మాత్రలు: ఈఆర్, పీఆర్ పాజిటివ్ వాళ్లకు టామాక్సిఫెన్ గానీ, లెట్రోజోల్, అనస్ట్రోజోల్ లాంటివి గానీ ఇస్తారు. రోజుకో మాత్ర. కనీసం ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. "ఒంట్లో బాగానే ఉంది కదా" అని రెండేళ్లకే ఆపేయడం చాలా పెద్ద పొరపాటు. టామాక్సిఫెన్ వాడేటప్పుడు గర్భం రాకూడదు. బహిష్టు ఆగిపోయినవాళ్లకు మళ్లీ రక్తస్రావం కనిపిస్తే గైనకాలజిస్టుకి చూపించాలి. లెట్రోజోల్ రకం మందులతో ఎముకలు బలహీనపడొచ్చు. అందుకే కాల్షియం, విటమిన్ డి రాస్తారు.

5. టార్గెటెడ్ మందులు: హర్-2 పాజిటివ్ వాళ్లకు ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. ఒకప్పుడు దీని ధర సామాన్యులకు అందేది కాదు. మన దేశంలోనే తయారైన బయోసిమిలర్లు వచ్చాక తగ్గింది. గుండె పనితీరుపై ప్రభావం ఉండొచ్చు కాబట్టి మధ్యలో ఎకో టెస్టు చేస్తారు. అది మానొద్దు.

ఇక థైరాయిడ్ సంగతి

మెడ ముందు సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి ఇది. ఒంట్లో ప్రతి పని ఎంత వేగంగా జరగాలో నిర్ణయించే హార్మోన్లు ఇక్కడే తయారవుతాయి. హైదరాబాద్ సహా దేశంలోని ఎనిమిది నగరాల్లో చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. అందులో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా ఉన్నట్టు తేలింది. ఆడవాళ్లలో అది దాదాపు 16 శాతం, మగవాళ్లలో 5 శాతం.

తక్కువైతే: నీరసం, బరువు పెరగడం, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం, జుట్టు రాలడం, బహిష్టు ఎక్కువ కావడం, మతిమరుపు, దిగులు.

ఎక్కువైతే: గుండె దడ, చేతులు వణకడం, తిన్నా బరువు తగ్గడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం.

టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్షతో ఇది తేలుతుంది. ఇందులో ఒక తికమక ఉంది. టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ తగ్గిందని అర్థం. మెదడు కింద ఉన్న పిట్యుటరీ గ్రంథి "ఇంకా పని చెయ్" అని థైరాయిడ్‌ని తరుముతోందన్నమాట. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టెస్టు చేయించాలి. పది రోజులకే చేయిస్తే ఉపయోగం ఉండదు.

మెడలో కణితి కనిపిస్తే? థైరాయిడ్ కణితుల్లో నూటికి తొంభైకి పైగా క్యాన్సర్ కానివే. స్కాన్ చేసి, అవసరమైతే సూది పరీక్ష చేస్తారు. ఒకవేళ క్యాన్సరే అయినా, ఎక్కువగా వచ్చే పాపిల్లరీ రకం చికిత్సకు బాగా లొంగుతుంది.

సముద్రం పక్కనే ఉన్నాం.. అయోడిన్ లోపం ఎందుకు వస్తుంది?

బందరు తీరంలో ఉప్పు మడులు చూస్తూ పెరిగినవాళ్లకు ఈ సందేహం రావడం సహజం. సముద్రపు ఉప్పులో సహజంగా ఉండే అయోడిన్ చాలా తక్కువ. మడి నుంచి నేరుగా వచ్చిన రాళ్ల ఉప్పు మన అవసరానికి చాలదు. అందుకే అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదని 2006 నుంచి దేశమంతా నిబంధన ఉంది. పచ్చళ్లకి, చేపలు ఎండబెట్టడానికి రాళ్ల ఉప్పు వాడుకున్నా, రోజూ కూరల్లోకి అయోడిన్ కలిపిన ఉప్పే వాడాలి. ప్యాకెట్ విప్పాక మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. తడి, ఎండ తగిలితే అయోడిన్ పోతుంది.

అలాగని ఉప్పు ఎక్కువ తింటే థైరాయిడ్ నయం కాదు. ఇప్పుడు కనిపించే థైరాయిడ్ సమస్యల్లో చాలావరకు సొంత రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీయడం వల్ల వస్తున్నవి. వాటికి మాత్రే మందు.

రెండూ కలిసి ఉంటే ఏం చేయాలి?

అసలు ప్రశ్న ఇదే. థైరాయిడ్ ఉన్నవాళ్లకు రొమ్ము క్యాన్సర్ వస్తుందా? రెండు జబ్బులూ ఆడవాళ్లలో ఎక్కువ. రెండూ నడివయసులో ఎక్కువ. అందుకే ఒకే మనిషిలో రెండూ కనిపించడం ఆశ్చర్యం కాదు. కొన్ని అధ్యయనాలు వీటి మధ్య కొద్దిపాటి సంబంధం చూశాయి. కానీ ఒకటి ఇంకోదానికి కారణమని రుజువు కాలేదు. థైరాయిడ్ ఉన్నంత మాత్రాన ప్రత్యేకంగా భయపడక్కర్లేదు, అందరిలాగే రొమ్ము పరీక్షలు చేయించుకుంటే సరిపోతుంది.

చికిత్స సమయంలో మాత్రం ఈ విషయాలు గుర్తుంచుకోవాలి:

• ఆపరేషన్‌కు ముందు: థైరాయిడ్ ఉందని మత్తు డాక్టర్‌కి చెప్పండి. టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగానో, మరీ తక్కువగానో ఉంటే ముందు దాన్ని దారిలో పెడతారు. ఆపరేషన్ రోజు మాత్ర వేసుకోవాలో లేదో కూడా అడగండి.

• కీమో సమయంలో: థైరాయిడ్ మాత్ర ఆపొద్దు. కీమో నీరసం, థైరాయిడ్ నీరసం ఒకేలా ఉంటాయి. ఏది ఏదో టెస్టుతోనే తెలుస్తుంది. "కీమో కదా, ఇలాగే ఉంటుంది" అని సర్దుకుపోకండి.

• మెడ కింద రేడియేషన్ ఇస్తే: చంక గ్రంథులకు పాకినవాళ్లకు మెడ ఎముక పైభాగంలో కూడా రేడియేషన్ ఇస్తారు. అక్కడ థైరాయిడ్‌కి కొంత తగలొచ్చు. కొన్ని నెలలకో, ఏళ్లకో థైరాయిడ్ తగ్గే అవకాశం ఉంది. అలాంటివాళ్లు ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చేయించుకోవడం మంచిది.

• ఇమ్యునోథెరపీ తీసుకునేవాళ్లు: ఈ మందులతో థైరాయిడ్ దెబ్బతినడం తరచుగా చూసేదే. ముందు కొన్నాళ్లు పెరిగి, తర్వాత పడిపోవచ్చు. మధ్యమధ్యలో టెస్టు తప్పనిసరి.

• టామాక్సిఫెన్ వాడేవాళ్లు: దీని వల్ల రక్తంలో హార్మోన్‌ని మోసే ప్రొటీన్ పెరుగుతుంది. టోటల్ టీ4 టెస్టులో ఎక్కువ చూపించొచ్చు. అసలు విషయం తెలియాలంటే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చూడాలి. రిపోర్టు చూసి మీరే డోసు తగ్గించుకోకండి.

• కాల్షియం, ఐరన్ మాత్రలు: లెట్రోజోల్ వాళ్లకు కాల్షియం రాస్తారు, రక్తం తక్కువ ఉన్నవాళ్లకు ఐరన్ రాస్తారు. ఇవి థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకుంటే అది ఒంటికి పట్టదు. కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. సులువైన దారి ఏంటంటే, పొద్దున్నే పరగడుపున నీళ్లతో థైరాయిడ్ మాత్ర, అరగంట నుంచి గంట తర్వాత కాఫీ టిఫిన్, మధ్యాహ్నం భోజనం తర్వాత కాల్షియం.

• బయోటిన్: కీమో తర్వాత జుట్టు తొందరగా రావాలని చాలామంది బయోటిన్ మాత్రలు కొంటారు. ఇవి ల్యాబ్ టెస్టుని తికమక పెడతాయి. లేని థైరాయిడ్ ఉన్నట్టు రిపోర్టులో చూపించొచ్చు. టెస్టుకి కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపి, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి.

• పెట్ స్కాన్‌లో థైరాయిడ్ దగ్గర వెలుగు కనిపిస్తే: రొమ్ము క్యాన్సర్ మెడకి పాకిందని వెంటనే అనుకోవద్దు. అది వేరే కణితి కావచ్చు, వాపు కావచ్చు. కానీ వదిలేయకూడదు. మెడ అల్ట్రాసౌండ్, అవసరమైతే సూది పరీక్ష చేయించాలి.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చు ఎలా?

మొదటి మెట్టు మీ ఊరి హెల్త్ క్లినిక్, పీహెచ్‌సీ. టీఎస్‌హెచ్ టెస్టు, మొదటి పరీక్ష, అల్ట్రాసౌండ్ కోసం మచిలీపట్నం వైపు వాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. బందరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023 సెప్టెంబర్‌లో మొదలైంది. గుడివాడ, అవనిగడ్డ వాళ్లు ముందుగా స్థానిక ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, రిఫరల్ రాయించుకోవచ్చు.

క్యాన్సర్ చికిత్సకు బందరు, గుడివాడ వాళ్లకు రైలు, బస్సు రెండూ ఉన్నాయి కాబట్టి విజయవాడ దగ్గర. దివిసీమ వాళ్లకు ఇంకో దారి ఉంది. పులిగడ్డ–పెనుమూడి వారధి దాటితే రేపల్లె, తెనాలి మీదుగా గుంటూరు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో ట్రస్ట్ కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. చికిత్స నెలల తరబడి సాగుతుంది కాబట్టి, పేరు చూసి దూరం వెళ్లే ముందు ప్రతిసారీ వెళ్లి రాగలమా అన్నది ఆలోచించుకోండి.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఇందులో ఉన్నాయి. హాస్పిటల్‌లో చేరకముందే అక్కడి వైద్య సేవ హెల్ప్‌డెస్క్‌లో "ఈ ఆసుపత్రిలో నాకు రాసిన చికిత్స పథకం కింద ఉందా?" అని అడగండి. రైస్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు వెంట ఉంచుకోండి. వివరాలకు 104కి ఫోన్ చేయొచ్చు. రిపోర్టులన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకుంటే, ఫైల్ పోయినా ఇబ్బంది ఉండదు.

ఈ గడ్డకు క్యాన్సర్ వైద్యంతో అనుబంధం

న్యూయార్క్‌లో పేరున్న రేడియేషన్ వైద్య నిపుణుడు, 2015లో పద్మశ్రీ అందుకున్న డాక్టర్ నోరి దత్తాత్రేయుడు కృష్ణా జిల్లా మంటాడలో పుట్టారు. మచిలీపట్నంలో చదువుకున్నారు. అలాగే ఎన్టీఆర్ సతీమణి బసవతారకం సొంతూరు పామర్రు దగ్గర కొమరవోలు. ఆమె క్యాన్సర్‌తో కన్నుమూశాక, ఆమె పేరు మీదే హైదరాబాద్‌లో బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. 2000లో అది ప్రారంభమైంది. మన ప్రాంతం ఆడపడుచు పేరు మీద ఇంత పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి నడుస్తోంది. అయినా ఈ జబ్బు పేరు నలుగురిలో చెప్పుకోవడానికి ఇక్కడ ఇంకా మొహమాటపడుతున్నాం.

తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: క్యాన్సర్ అంటుకుంటుందా? కలిసి తినొచ్చా?
జవాబు: అంటుకోదు. కలిసి తినొచ్చు, పక్కన పడుకోవచ్చు, మనవళ్లని ఎత్తుకోవచ్చు. వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి మనసు కష్టపెట్టొద్దు.

ప్రశ్న: థైరాయిడ్ ఉంటే క్యాబేజీ, సోయా మానేయాలా?
జవాబు: వండుకుని మామూలుగా తింటే ఇబ్బంది లేదు. సోయా తిన్న వెంటనే థైరాయిడ్ మాత్ర వేసుకోకపోతే చాలు.

ప్రశ్న: కీమోలో చేపలు, మాంసం తినొచ్చా?
జవాబు: బాగా ఉడికించి తినొచ్చు. ఒంటికి ప్రొటీన్ అవసరం. పచ్చివి, నిల్వవి, బయట కోసి పెట్టిన పండ్లు వద్దు. నీళ్లు కాచి చల్లార్చి తాగాలి.

ప్రశ్న: చికిత్స అయిపోయింది, ఇంకా చెకప్ ఎందుకు?
జవాబు: మళ్లీ వస్తే తొందరగా పట్టుకోవడానికి. మొదటి రెండు మూడేళ్లు డాక్టర్ చెప్పిన తేదీలకు, తర్వాత ఏడాదికోసారి మామోగ్రామ్‌తో పాటు వెళ్లాలి. ఆ రోజే టీఎస్‌హెచ్ కూడా చేయించుకుంటే రెండు పనులూ అయిపోతాయి.

ప్రశ్న: ఇంట్లో మగవాళ్లకి ఎలా చెప్పాలి?
జవాబు: చెప్పడానికి సిగ్గుపడి నెలలు పోగొట్టుకోవద్దు. ముందు అమ్మకో, అక్కకో, ఆశా కార్యకర్తకో చెప్పండి. మగవాళ్లకి కూడా ఒక మాట. ఇంట్లో ఆవిడ "గడ్డలా తగులుతోంది" అంటే, "తర్వాత చూద్దాం" అనకండి. "రేపు పొద్దున్న బస్సుకి వెళ్దాం" అనండి. పొలం పని రెండు రోజులు ఆగినా పంట పోదు.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టడం, ఆపడం, డోసు మార్చడం లాంటివి మీ డాక్టర్ సలహాతోనే చేయాలి. ఈ వార్తను మీ ఇంట్లో, మీ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్న ఆడవాళ్లకు పంపండి.